పడి చూపిచ్చప్పా!

ఆమె పోయిందని తెలిసినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు. ఎడమ మోచెయ్యి జివ్వుమంది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది, వంటింట్లో, ఉగ్గాని కోసం నానబెట్టిన బొరుగులు పిండుతూ ఉంటే. పిండిన గుప్పెడు అట్లాగే పట్టుకుని నిలబడి ఏడ్చాను. మా కోడలు పరిగెత్తుకొచ్చి, "ఏమత్తా, ఏమాయె? పడితివా?" అంది. ఆ ఒక్క మాటకు నాకు పకపకా నవ్వొచ్చింది. ఏడుస్తూ నవ్వుతున్న ముసలిదాన్ని చూసి ఆ పిల్ల హడలిపోయి మా వాడికి ఫోను చేసింది.

నవ్వక ఏం చెయ్యను? ఆమె దగ్గర నా ఉద్యోగం మొదలైందే పడటంతో.

డెబ్బైల నాటి సంగతి. నంద్యాలలో నర్సుగా కొత్తగా చేరాను. మా నాయన చర్చి బడిలో పంతులు. గంజిపెట్టిన తెల్లచీర మడత నలగకుండా నడవడమే నర్సు పని అనుకునే వయసు నాది. ఆమె అక్కడ డాక్టరమ్మ. పేరు రాయను. రాస్తే ఎక్కడున్నా "నా పేరెందుకమ్మే, పని చూడు" అంటుంది. నేను చేరిన కొత్తలోనే ఒక రైతు తన కొడుకును ఎత్తుకొచ్చాడు. పిల్లవాడి మోచెయ్యి బూరెలాగా వాచి ఉంది. మంచం మీద నుంచి పడ్డాడని చెప్పాడు. డాక్టరమ్మ ఆ మోచేతిని చూసింది, తండ్రిని చూసింది, చివరికి నన్ను చూసింది.

"మంచమెంత ఎత్తుంటాదప్పా?"

ఆయన చేత్తో చూపించాడు. గదిలో దాదాపు అంతే ఎత్తున ఒక బల్ల ఉంది.

"ఏమ్మే, ఆ బల్లెక్కి పండుకో."

పడుకున్నాను.

"ఇప్పుడు పడు."

"మేడమ్?"

"నిద్దట్లో దొర్లి పడితే ఎట్ల పడతావో, అట్ల పడి చూపిచ్చు. బేగా. ఆడ ఇంకా మంది ఉండారు."

పెద్దవాళ్లు చెప్పింది చెయ్యాలని పెరిగినదాన్ని. కళ్లు మూసుకుని, ప్రభువును తలచుకుని దొర్లాను. నేల మీద ఎడమ మోచెయ్యి ముందు తగిలింది, ఆ తర్వాత మిగతా నేను తగిలాను. డాక్టరమ్మ పిల్లవాడి మోచేతిని తెచ్చి నా మోచేతి పక్కన పెట్టి చూసింది.

"సరిపాయ. నిజంగానే పడినాడు. కట్టు కట్టమ్మే."

రైతు నా వైపు జాలిగా చూసి, "ఆ నర్సమ్మకు కట్టొద్దా మేడమ్?" అన్నాడు.

"ఆమెది డ్యూటీ లేప్పా" అంది డాక్టరమ్మ.

మనిషిది భారీ శరీరం. కింద పడిన కలాన్ని వంగి తీసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. కాలితో మా వైపు తోసేది. తెల్లకోటు జేబు నిండా బొరుగులు పోసుకుని తిరిగేది. స్టెతస్కోపు జేబులోంచి తీస్తే రెండు బొరుగులు దానికి అంటుకుని వచ్చేవి, అవి రోగి ఛాతీ మీద రాలేవి. చేతికి మగవాళ్ల గడియారం. అది ఎప్పుడూ తప్పు టైమే చూపించేది, ఆమె దాన్నే నమ్మి మమ్మల్ని ఆలస్యంగా వచ్చారని తిట్టేది. జిల్లా నుంచి ఎంత పెద్ద అధికారి వచ్చినా "రాప్పా, కూచోప్పా" అనేది. వాళ్లకు కోపమొచ్చేలోపు చేతిలో గుప్పెడు బొరుగులు పోసేది. నోట్లో బొరుగులు పెట్టుకుని ఎవరైనా ఎంతసేపు కోప్పడగలరు!

పుట్టింది అహోబిలంలో. వాళ్ల నాయన గుడి వంటశాలలో పనిచేసేవాడు. మా ఇంటి క్రిస్మస్ కేకును ప్రతి ఏడూ అడిగి మరీ తినేది. "మా దేవుడు చూస్తే చూడనీ, మా నాయన చూడకుంటే చాలు" అనేది. పడే విద్య ఆమెకు అహోబిలంలోనే వచ్చిందట. "ఆ మెట్ల మీద నేను పడినన్నిసార్లు మీరు అన్నం తినుండరు. యాడ పడితే యాడ తగులుతాదో నన్నడగండి" అనేది. మేము అడగకపోయినా చెప్పేది.

ఎనభైల్లో నన్ను ఆళ్లగడ్డలో ఒక చిన్న ఆసుపత్రికి మార్చారు. పీడ వదిలింది, ఇంక పడక్కర్లేదు అనుకున్నాను. ఎక్కడ! నెలకొకసారి మాకు క్లాసు చెప్పడానికి ఆమె నంద్యాల నుంచి జీపులో వచ్చేది. జీపు అనకూడదేమో. ఆ బండి వచ్చేటప్పుడు దానంతటది వచ్చేది, పోయేటప్పుడు మాత్రం మేమంతా తెల్లచీరలు ఎగ్గట్టి తోస్తేనే కదిలేది. ఊళ్లోవాళ్లు పనులు మానుకుని చూడటానికి వచ్చేవాళ్లు.

పైవాళ్లు చెప్పమన్న క్లాసు వేరు. విరేచనాలకు ఉప్పు చక్కెర నీళ్లు, పిల్లలకు టీకాలు, అట్లాంటివి. అవన్నీ గబగబా ముగించి, "ఇంగ తలుపెయ్యండి" అనేది. అప్పుడు మొదలయ్యేది ఆమె సొంత క్లాసు. దానికి అప్పట్లో మాకు పేరు కూడా లేదు. పిల్లల్ని ఇంట్లోవాళ్లే చావగొట్టడం ఆసుపత్రి చూడాల్సిన రోగమని మాకెవరూ చెప్పలేదు. కొడితే అది వాళ్లింటి సంగతి. వాచిందా, మందు రాయి. తెగిందా, కుట్టు. అంతే.

"పిల్లోళ్లు పడతారు" అని మొదలుపెట్టేది. "పడకుంటే వాళ్లు పిల్లోళ్లే కాదు. ముందుకు ఉరుకుతారు, ముందుకే పడతారు. నుదురు, గడ్డం, అరచేతులు, మోచేతులు, మోకాళ్లు. వీటికి తగిలితే కట్టు కట్టి పంపియ్యండి. చెవెనక ఎట్ల తగులుతాదప్పా పడితే? తొడల ఎనక వరసగా చారలు ఎట్ల పడతాయి? ఏదీ, ఎవరన్నా అట్ల తగిలేటట్ల పడి చూపిచ్చండి. చూపిస్తే నా గడియారం ఇస్తా."

ఆ గడియారం ఎవరిక్కావాలి! అయినా పడాల్సిందే. బల్ల మీద నుంచి, కుర్చీ మీద నుంచి, వరండా గోడ మీద నుంచి. ఒకరు పడుతుంటే మిగతావాళ్లం యాడ తగిలిందో అరిచి చెప్పాలి. ఒకసారి కిటికీలోంచి ఈ తతంగం చూసిన ఒక పెద్దాయన, ఆసుపత్రిలో అందరికీ దయ్యం పట్టిందని ఊళ్లో చెప్పొచ్చాడు.

మా దిక్కు పసిరికలకు, అదే పచ్చకామెర్లకు, ఫిట్సుకు వాతలు పెట్టే అలవాటుంది. అందుకని పిల్లల ఒంటి మీద కాలిన మచ్చ చూస్తే "ఆ, నాటువైద్యమేలే" అని వదిలేసేవాళ్లం. అక్కడ ఆమె మమ్మల్ని పట్టుకునేది. "వాత పెట్టేటోనికి ఒగ చోటుంటాది, ఒగ లెక్కుంటాది. ఎవరు పెట్టినారు, దేనికి పెట్టినారు అని అడిగితే ఇంట్లోవాళ్లు టక్కున చెప్తారు. నీళ్లు నమిలినారా, మీరాడ ఆగండి."

అన్నిటికన్నా కష్టమైన పాఠం మొగం పాఠం. ఏం చూసినా మొగం మార్చకూడదు. "బస్సులో కండక్టరు టికెట్టిచ్చేటప్పుడు వాని మొగంలో ఏముంటాది? ఏమీ ఉండదు. ఆ మొగం పెట్టండి." మమ్మల్ని వరసగా నిలబెట్టి, చెప్పరాని సంగతులన్నీ చెప్తూ మా మొగాలు చూసుకుంటూ పోయేది. ఎవరి కనుబొమ్మ కదిలినా "బస్సు దిగు" అనేది. దిగినవాళ్లు బయటికి పోయి టీ తెచ్చేవాళ్లు.

ఈ పాఠాల్లో ఎప్పుడూ బస్సు దిగేది మా కాంపౌండరు. బక్కపల్చటి మనిషి, భయస్తుడు. ఆయనకు ఉన్న ఆస్తి అంతా మీసమే. ఆసుపత్రిలో ఏ రోగికీ జరగనంత సేవ ఆ మీసానికి జరిగేది. నూనె, చిన్న దువ్వెన, పొద్దునొకసారి సాయంత్రమొకసారి అద్దం. పడమంటే చాలు, ఒక చేత్తో మీసం మూసుకుని పడేవాడు.

"పిల్లోడు మీసం పట్టుకోని పడతాడా అప్పా?" అని డాక్టరమ్మ అరిచేది.

"అలవాటు మేడమ్."

"చెయ్యి తీసి మల్ల పడు!"

భయస్తుడే గాని పాఠం మాత్రం బాగా తలకెక్కించుకున్నాడు. కాస్త ఎక్కువే ఎక్కింది. ఒకరోజు ఒక గొర్రెల కాపరి చంటిబిడ్డను టీకాకు తెచ్చాడు. బిడ్డ పిరుదుల మీద నీలంగా పెద్ద మచ్చ. మా కాంపౌండరు దాన్ని చూశాడు, కండక్టరు మొగం పెట్టాడు, ఆ తండ్రిని మందుల గదిలోకి పిలిచి బయట గొళ్లెం పెట్టాడు. అదృష్టం కొద్దీ అది క్లాసు రోజు. డాక్టరమ్మ వచ్చి బిడ్డను చూసి తల పట్టుకుంది.

"అది పుట్టుకతో వచ్చే నీలమప్పా! మన పిల్లోళ్లకు శానామందికి ఉంటాది, పెరిగితే పోతాది. దెబ్బైతే రోజుకో రంగు తిరుగుతాది, ముట్టుకుంటే బిడ్డ ఏడుస్తాది. ఈ బిడ్డ నీ మీసం చూసి నవ్వుతాంది."

గొళ్లెం తీశారు. పాపం ఆ కాపరి బయటికొచ్చి చుట్టూ చూసి, "ఇంతసేపు కూచోబెట్టినారు, నాకు సూది వెయ్యరా?" అన్నాడు. ఊరికే పంపితే బాగుండదని ఆయనకు బలం మాత్రలిచ్చి పంపారు. ఆ పూట క్లాసంతా తొందరపడకూడదన్న దాని మీదే సాగింది. కాంపౌండరు తల ఎత్తలేదు.

ఇంక అసలు సంగతి చెప్తాను.

మరో క్లాసు రోజు ఒక మనిషి ఆరేళ్ల పాపను జ్వరమని తెచ్చాడు. ఇస్త్రీ బట్టలు, బుల్లెట్టు బండి, మా కాంపౌండరు మీసానికి పెద్దన్నలాంటి మీసం. ఊళ్లో మాట చెల్లే మనిషి. పాపకు చిన్నాయన. తల్లి చనిపోయింది, తండ్రి బొంబాయి లారీ నడుపుతాడు, వస్తే ఎప్పుడొస్తాడో తెలీదు, అందుకని తమ ఇంట్లోనే ఉంటుందని ఆయనే చెప్పాడు. పాప చెవి వెనక పుండు చీము పట్టింది. జ్వరం దాంతో వచ్చింది. సూది వేయడానికి గౌను పక్కకు తీశాను. తొడల వెనక చారలు. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి.

సూది వేసి గౌను గబుక్కున సర్దాను. మొగం మాత్రం కండక్టరుదే పెట్టాను. అయితే నన్ను భయపెట్టింది ఆ చారలు కూడా కాదు. చీము తుడుస్తుంటే పెద్దపెద్ద మగవాళ్లే అమ్మా అని కేకలు పెడతారు. ఆ పిల్ల ఏడవలేదు. గోడకేసి చూస్తూ కూర్చుంది. మెల్లగా లోపలికి పోయి డాక్టరమ్మ చెవిలో చెప్పాను. ఆమె నములుతున్నది ఆపింది. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు నవ్వుతూ వరండాలోకి వచ్చింది, వెనకే మేమంతా.

"ఎట్ల తగిలిందప్పా పాపకు?"

"మిద్దె మెట్ల మీద నుంచి పడింది మేడమ్. కుదురుండదు. ఒగటే అల్లరి."

గోడకేసి చూస్తున్న ఆ పిల్ల అల్లరి చేస్తుందంటే ఎవరు నమ్ముతారు? డాక్టరమ్మ నమ్మినట్టే తలూపింది. జేబులోంచి బొరుగులు తీసి పాప గుప్పిట్లో పోసింది. పాప తినలేదు, గుప్పిలి మూసుకుంది.

"మెట్ల మీద ఎట్ల పడిందో నాకు మనసుకు రాకుండాదప్పా. మల్ల నేను రాయాల కదా. కాంపౌండరూ, పడి చూపిచ్చు."

ఆసుపత్రి మెట్ల మీద నుంచి కాంపౌండరు పడ్డాడు. మోకాలు.

"పాప మోకాళ్లు బాగుండాయి. ఇంగో తీరు పడు."

పక్కకు పడ్డాడు. మోచెయ్యి, భుజం. వెనక్కి పడ్డాడు. నడుం. వరండాలో ఉన్న రోగులంతా చుట్టూ మూగారు. "అట్ల కాదన్నా, ఎడంపక్కకు ఒరుగు" అని ఒకాయన, "కాలు జారినట్ల చెయ్యప్పా" అని ఇంకొకాయన. సెలైను బుడ్డి చేత్తో పట్టుకుని ఒకావిడ కూడా వచ్చి సలహా ఇచ్చింది. ఎట్లా పడినా చెవి వెనక తగల్లేదు, తొడల వెనక చారలు రాలేదు. డాక్టరమ్మ మాత్రం ఒక్క పొల్లుమాట అనలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, పాపం లెక్క తెలియని బడిపిల్లలాగా చూస్తూ నిలబడింది.

ఆ మనిషికి చిర్రెత్తుకొచ్చింది. "ఆయప్పకు పడేది గుడక రాదు మేడమ్, నేను చూపిస్తా" అని చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి మెట్లెక్కాడు. పడినట్టు చేయబోయి నిజంగానే జారాడు. "అబ్బా" అని మోచెయ్యి పట్టుకున్నాడు. జనం గొల్లున నవ్వారు.

"నీకు గుడక మోచెయ్యేనప్పా" అంది డాక్టరమ్మ మెత్తగా. "పాప మోచేతులు బాగుండాయే."

నలుగురిలో నగుబాటు. ఆయన మొగం జేవురించింది. పాప వైపు తిరిగి, "ఏమే, నోట్లో ఏముండాది నీకు? నువ్వే పడి చూపిచ్చు, ఎట్ల పడితివో!" అని గద్దించాడు.

పిల్లను పదిమందిలో ఏమీ అడగకూడదనేది డాక్టరమ్మ మాకు పెట్టిన నియమం. ఆమె అడగలేదు. అడిగింది ఆయన. ఆమె వద్దనేలోపే పాప లేచింది. మెట్ల దగ్గరికి పోలేదు. వరండా మధ్యలోకి వచ్చి, నేల మీద బోర్లా పడుకుంది. రెండు చేతులూ చెవులకు అడ్డం పెట్టుకుంది. ఒక చేతిలో బొరుగుల గుప్పిలి అట్లాగే మూసి ఉంది. కళ్లు గట్టిగా మూసుకుని ఎదురుచూస్తోంది.

నవ్వుతున్నవాళ్లంతా నోళ్లు మూసుకున్నారు. నాకు కండక్టరు మొగం నిలవలేదు. ఆ పూట మాలో ఎవరికీ నిలవలేదు.

అప్పుడు, కలం కోసం కూడా వంగని ఆ మనిషి, స్తంభం పట్టుకుని కిందికి దిగింది. ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది, తర్వాత చేతులు. ఆయాసపడుతూ పాప పక్కన తనూ బోర్లా పడుకుంది. తెల్లకోటు జేబులోంచి బొరుగులు నేలంతా చిందాయి.

"అబ్బా, చల్లగుండాది ఈడ" అంది పాప వైపు తిరిగి. "నేనూ ఈడనే పండుకుంటా. నువ్వు లేసినప్పుడు లేస్తాలే."

"ఏందీ మేడమ్ ఇదీ" అన్నాడాయన.

ఆమె తల కూడా తిప్పలేదు. "క్లాసు జరుగుతాంది. గమ్మునుండప్పా."

ఎంతసేపు గడిచిందో. పాప ముందు ఒక కన్ను తెరిచింది. చెవి మీద నుంచి చెయ్యి తీసింది. గుప్పిలి విప్పి ఒక బొరుగు నోట్లో వేసుకుంది, ఆ తర్వాత ఇంకొకటి. లేచి కూర్చుంది. పాప లేచింది గాని డాక్టరమ్మ లేవలేకపోయింది. నర్సులం ముందు నుంచి లాగితే, జీపు డ్రైవరూ కాంపౌండరూ వెనక నుంచి తోశారు. జీపును తోసిన అనుభవం ఆ రోజు అక్కరకొచ్చింది.

లేచి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, ఆ మనిషి దగ్గరికి వచ్చింది. మొగం గంభీరంగా పెట్టింది.

"అప్పా, ఇది ఉత్త జ్వరం కాదు. అంటురోగం. పాపను ఈడనే పెట్టుకోవాల. ఆడోళ్లకు ఏమీ కాదు. మగోళ్లకే..." అని ఆగి, ఆయన మీసం వంక బాధగా చూసింది. "మీసం రాలతాది. రాలితే ఇంగ రాదు."

ఆయన చెయ్యి టక్కున మీసం మీదికి పోయింది. పక్కన మా కాంపౌండరు చెయ్యి కూడా. చిన్నాయన ఒక అడుగు వెనక్కి వేశాడు, మరో అడుగు వేశాడు, అంతే, బుల్లెట్టు చప్పుడు వినపడింది.

"వాణ్ణి నాలుగు తిట్టకుండా పంపినారేంది మేడమ్!" అన్నాను ఉడుకుమోత్తనం ఆపుకోలేక.

"తిడితే నాకు హాయిగా ఉంటాదమ్మే. పిల్లను సంకనేసుకోని పోతాడు, ఇంగ ఆసుపత్రి మొగం చూడడు. ఆ పిల్ల గతేంది?" అంది. కళ్లు తుడుచుకుని మళ్లీ చేతులు కడుక్కుంది.

జీపు చెడిపోయిందని నంద్యాలకు కబురు పంపి ఆళ్లగడ్డలోనే, మా క్వార్టర్సులో దిగింది. ఆ జీపు సంగతి తెలిసినవాళ్లు ఎవరూ అనుమానించలేదు. లారీ ఆఫీసుకు తంతి కొట్టించింది. కోయిలకుంట్ల పక్కన పల్లెలో పాప అమ్మమ్మ ఉందని తెలుసుకుని పిలిపించింది. ఆ అవ్వ పైటకొంగులో వేయించిన శనగలు మూటగట్టుకుని వచ్చి, పాప మంచం కిందే కూర్చుంది. పోలీసులకూ చెప్పింది. వచ్చిన హెడ్డు కానిస్టేబులు మంచి మనిషే. కాకపోతే వాకిట్లోనే నిలబడి, మీసం మీద చెయ్యేసుకుని, "ఈడి నుంచే రాసుకుంటా, చెప్పండి మేడమ్" అన్నాడు. అన్నీ రాసుకున్నాడు. పిల్ల ఎవరి దగ్గరుండాలో తేల్చాల్సింది తండ్రేనని, ఆయన వచ్చేలోపు చిన్నాయన తీసుకుపోతానంటే తాను ఆపలేనని కూడా చెప్పాడు.

అంటే తండ్రి ముందొస్తాడా, చిన్నాయన ముందొస్తాడా అన్నదే ఇంక మా ఆరాటం. గేటు దగ్గర ఏ బండి ఆగినా అందరం కిటికీల దగ్గరికి ఉరికేవాళ్లం.

ఈలోగా మీసాల రోగం ఊరంతా పాకింది. ఉన్న మీసం ఊడకుండా సూది వెయ్యమని మగవాళ్లు వరస కట్టారు. కాంపౌండరు కూడా ఎవరూ లేనప్పుడు డాక్టరమ్మ దగ్గరికి వచ్చి, "మేడమ్, అది ఉత్తదే కదా? నిజంగా రాలదు కదా?" అని గుసగుసగా అడిగాడు.

"నీకేమన్నా తిక్కా అప్పా! పో, పని చూడు."

చిన్నాయనే ముందొచ్చాడు. ఈసారి ఊరి పెద్దమనుషులు ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. "కర్నూల్లో డాక్టరు చదువు చదివే మావోణ్ణి అడిగినా. అట్లాంటి రోగమే లోకంలో లేదంట. మా ఇంటి పిల్లను మాకియ్యండి" అన్నాడు. అవ్వ పాపను కొంగులో దాచుకుంది. పాప మళ్లీ గోడకేసి తిరిగింది. డాక్టరమ్మ వార్డు గుమ్మానికి అడ్డం నిలబడింది. ఆ ఒడ్డూ పొడుగూ తప్ప ఆపడానికి మా దగ్గర వేరే అధికారం ఏమీ లేదు. ఎప్పుడూ మాటతోనే గెలిచే మనిషి రెండు చేతులతో ద్వారబంధం పట్టుకుంది.

అప్పుడు మందుల గది తలుపు తెరుచుకుంది.

కాంపౌండరు బయటికొచ్చాడు. ఒక్క క్షణం ఎవరో అనుకున్నాం. ముక్కు కింద అంతా నున్నగా, తెల్లగా, పొట్టు తీసిన కోడిగుడ్డులాగా ఉంది. బ్లేడు కోసినచోట రక్తపు చుక్క. కళ్లలో నీళ్లు. అవి నిజం నీళ్లే, నటన కాదు.

"ముట్టుకోవాకండన్నా" అన్నాడు. "నేను ఊరికే ఒగ సూదేసినానంతే. తెల్లారి లేసి చూస్తే తలగడ మీద ఉండాది."

పెద్దమనుషులిద్దరూ ఒకరి మీసాలు ఒకరు చూసుకున్నారు. అందులో పెద్దాయన, "పిల్ల యాడికి పోతాది లేప్పా, తగ్గినాంక చూద్దాం" అంటూనే గేటు దాటాడు. రెండో ఆయన చెప్పులు మరిచిపోయాడు. చిన్నాయన కాసేపు నిలబడి కాంపౌండరు మొగంలోకి గుచ్చి గుచ్చి చూశాడు. కాంపౌండరు తుమ్మాడు. బుల్లెట్టు ఆ రోజు పోయినంత వేగంగా ఎప్పుడూ పోయి ఉండదు.

డాక్టరమ్మ కాంపౌండరును ఎగాదిగా చూసింది. జేబులో ఉన్న బొరుగులన్నీ తీసి ఆయన రెండు చేతుల్లో పోసింది.

"అందంగా ఉండావప్పా" అంది.

కాంపౌండరు ఘొల్లుమన్నాడు.

ఆ మర్నాడు తండ్రి వచ్చాడు. లారీతోనే వచ్చాడు, దాన్ని ఆసుపత్రి ముందే ఆపి, దుమ్ము కొట్టుకుపోయిన మనిషి పరిగెత్తుకుంటూ లోపలికొచ్చాడు. డాక్టరమ్మ తలుపేసి ఆయనతో చాలాసేపు మాట్లాడింది. బయటికొచ్చినప్పుడు ఆయన ఎవరివైపూ చూడలేదు. పాప మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, "ఇంగ ఆ ఇంటికి పోయేది లేదు నాయనా. అవ్వ కాడుందువులే" అని మాత్రం అన్నాడు. పాప ఆయన్ను నమ్మాలా వద్దా అన్నట్టు చూసింది. తర్వాత కిటికీలోంచి లారీని చూసింది.

వెళ్లేటప్పుడు అందరం వరండాలోకి వచ్చాం. తండ్రి లారీ తలుపు తీసి చెయ్యి ఊపాడు. పాప అవ్వ చెయ్యి విడిపించుకుని ఉరికింది. ఉరుకుతూ ఉరుకుతూ మా ఆసుపత్రి మెట్ల మీద దబ్బున పడింది.

లేచి కూర్చుని చుట్టూ చూసింది. తర్వాత ఏడుపు అందుకుంది. అమ్మో, ఏం ఏడుపు! చీము తుడిచినప్పుడు ఏడవని పిల్ల, సూదికి ఏడవని పిల్ల, వీధి చివర దాకా వినపడేటట్టు నోరంతా తెరిచి ఏడ్చింది. తండ్రి కంగారుగా ఉరికొచ్చాడు. వాళ్లందరికన్నా ముందు డాక్టరమ్మ చేరుకుంది. ఆ శరీరంతో అన్ని మెట్లు ఎట్లా దిగిందో నాకు ఇప్పటికీ తెలీదు.

"మోకాళ్లు!" అని అరిచింది. "ఏమ్మే, బేగా రా, చూడు, మోకాళ్లు! అరచేతులు గుడక! కాంపౌండరూ, రాప్పా, అందరూ వచ్చి చూడండి, ఇదీ పడిన దెబ్బంటే!"

అందరం వెళ్లి వరసగా చూశాం. రెండు మోకాళ్లూ చక్కగా దోక్కుపోయాయి. కాంపౌండరు వంగి చూసి, పై పెదవి తడుముకుని తలూపాడు. నేను ఎర్రమందు రాశాను. పాప ఇంకా గట్టిగా ఏడ్చింది. తండ్రి "ఏడవాకు నాయనా, ఏడవాకు" అని బతిమాలుతుంటే డాక్టరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏడవనీ అప్పా. బాగా ఏడవనీ."

లారీ కదిలింది. కోయిలకుంట్ల దారి మలుపు తిరిగేదాకా ఆ ఏడుపు మాకు వినపడుతూనే ఉంది. డాక్టరమ్మ మెట్ల మీదే నిలబడి, చెవి ఒగ్గి, చివరిదాకా విన్నది.

"బాగా ఏడుస్తాంది" అంది. జేబులో చెయ్యి పెట్టి వెతికి, మూలన మిగిలిన నాలుగు బొరుగులు తీసి నోట్లో వేసుకుంది.